ఇరవై ఏళ్ల ఇంటి అప్పు, నెలకు మూడు వేల పొదుపు: పన్నెండేళ్లలో తీరుతుందా?

మీరు అడిగింది ఇదండీ: 30 లక్షల ఇంటి అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు, మొన్ననే మొదలైంది. ఇంటి ఖర్చులు కాస్త బిగిస్తే నెలకు 3 వేలు మిగులుతాయి. వాటిని అప్పుకే కట్టేస్తే 12 ఏళ్లలో బయటపడగలమా, ఖర్చులు ఎక్కడ తగ్గించాలి అని. మీవారేమో ఆ చిల్లరతో ఏ అప్పూ తీరదు, దాన్ని ఎక్కడైనా పెట్టుబడి పెడదాం అంటున్నారు.

మేమూ ఇరవై ఏళ్ల అప్పే తీసుకున్నాం. పదమూడో ఏడు మొదట్లో తీరింది. నేను చేసిన ఉద్యోగం లెక్కలు రాయడమే. అయినా సొంత ఇంటి లెక్కలో రెండు పెద్ద తప్పులు చేశాను. వాటి సంగతి కూడా చెబుతాను.

ముందు సూటిగా జవాబు. నెలకు 3 వేలు మాత్రమే అదనంగా కడుతూ పోతే 12 ఏళ్లలో తీరదు, పదిహేనున్నర ఏళ్లు పడుతుంది. అదీ తక్కువేం కాదు. గడువులో నాలుగేళ్లకు పైగా కోసుకుపోతుంది, వడ్డీలో దాదాపు 8 లక్షల 30 వేలు మిగులుతాయి. మొదటి రోజు నుంచి మార్పు లేకుండా ఒకే మొత్తం కట్టి 12 ఏళ్లలో తీర్చాలంటే మాత్రం నెలకు 7,270 దాకా అదనంగా కావాలి. ఇంటి ఖర్చుల్లోంచి అంత పిండడం మీవల్ల కాదని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. దానికి వేరే దారి ఉంది, కాస్త ఆగండి.

మీ వాయిదా లోపల ఏముందో ఒకసారి చూడండి. ఈ అప్పుకు ఈఎంఐ సుమారు 26,035 వస్తుంది. మొదటి నెల అందులో 21,250 వడ్డీకే పోతుంది. అసలుకు జమయ్యేది 4,785. ఇలా పదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాక ఎంత అసలు మిగిలి ఉంటుందనుకుంటున్నారు? దాదాపు 21 లక్షలు. సగం కాలం అయిపోయింది, అప్పు మూడో వంతు కూడా కరగలేదు. ఏ వాయిదాలో వడ్డీ ఎంత, అసలు ఎంత అని చూపే మా అప్పు పట్టిక మొదటిసారి చూసిన రోజు మావారు రాత్రి భోజనం సరిగ్గా చేయలేదు.

ఇందులో మోసమేమీ లేదు. మిగిలి ఉన్న అసలు మీదే వడ్డీ లెక్క కడతారు. మొదట్లో అసలు ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ. ఈ లెక్కనే తిరగేస్తే మనకు పనికొస్తుంది. మొదటి వాయిదాతో పాటు అదనంగా 4,820 అసలులో జమ చేశారనుకోండి. ఇరవయ్యో ఏడు ఆఖర్లో కట్టాల్సిన ఒక వాయిదా, పూర్తి 26,035, మీ పట్టికలోంచి లేచిపోతుంది. అదే పని అయిదేళ్లయ్యాక చేస్తే ఒక వాయిదా లేపడానికి 7,300 కావాలి. పదేళ్లకు 11,160. పదిహేనేళ్లకు 17 వేల పైచిలుకు. అందుకే "జీతం బాగా పెరిగాక, పిల్లలు స్థిరపడ్డాక ఒకేసారి పెద్ద మొత్తం కడతాం" అనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మొదటి అయిదేళ్లలో కట్టే ప్రతి రూపాయికి ఉన్న బలం తర్వాత కట్టే రూపాయికి ఉండదు. మీవారు చిల్లర అంటున్న ఆ మూడు వేలు ఈ రోజు చిల్లర కావు, పదిహేనేళ్ల తర్వాత చిల్లర అవుతాయి.

ఇక ఇందాక చెప్పిన దారి. ఖర్చులు తగ్గించడానికి ఎక్కడో ఒక హద్దు ఉంటుంది. ఒకసారి తగ్గించాక ఇంక తగ్గవు. పైగా ధరలు పెరిగే కొద్దీ మళ్లీ పైకి వస్తాయి. జీతం అలా కాదు, కొద్దో గొప్పో ఏటా పెరుగుతుంది. మీరు మొదటి ఏడాది 3 వేలు కలిపి నెలకు 29,035 కట్టండి. రెండో ఏడాది నుంచి ఆ మొత్తాన్ని ఏటా 3 శాతం పెంచుతూ పోండి. రెండో ఏడాది పెంచాల్సింది నెలకు 870 మాత్రమే. పన్నెండో ఏడాదికి నెలకు 40,200 దగ్గరికి చేరుతుంది. ఇప్పుడు వినడానికి భయంగా ఉంటుంది గానీ అప్పటి జీతాలతో పోల్చుకుని చూడండి. ఇలా చేస్తే వడ్డీ రేటు మారనంత వరకు మీ అప్పు సరిగ్గా 12 ఏళ్లలో తీరిపోతుంది. వడ్డీలో మిగిలేది 13 లక్షలు. లెక్క నేను ఏడాదికేడాది వేసి చూశాను, పన్నెండో ఏడు చివరి నెల వాయిదాలో కొంత మిగులు కూడా తేలింది.

కాబట్టి ఖర్చు తగ్గించడం మొదటి మెట్టు, జీతం పెరుగుదలలో అప్పుకూ ఒక వాటా రాసిపెట్టడం రెండోది. ఒకటి ఉండి రెండోది లేకపోతే 12 ఏళ్లు కుదరదు.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. మొదటి ఏడాది ఖర్చుల పుస్తకం పెట్టి ప్రతిదీ రాశాను. బయట తినడం సగానికి తగ్గింది, బట్టలు తగ్గాయి, కరెంటు బిల్లు కూడా తగ్గింది. ఎనిమిది నెలలయ్యాక బ్యాంకు ఖాతా చూస్తే మిగులు ఎప్పటిలాగే ఉంది. డబ్బు ఎటు పోయింది? ఎటూ పోలేదు, ఇంకో ఖర్చులోకి జారుకుంది. పొదుపు చేస్తున్నామన్న ధైర్యంతో ఆ నెలల్లోనే మేము ఒక పెద్ద టీవీ వాయిదాల మీద కొన్నాం. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి. జీతం పడిన మర్నాడే ఆ అదనపు మొత్తం ఖాతాలోంచి దానంతటదే వెళ్లిపోవాలి. నెలాఖరుకు మిగిలితే కడదాం అంటే ఏ నెలా మిగలదు. ముందు కట్టేసి, ఉన్నదాంతో నెల గడపాలి. మీరు ఖర్చుల పుస్తకం పెట్టకపోయినా పర్వాలేదు గానీ ఈ ఒక్కటీ మాత్రం వదలొద్దు. చేతిలో లేని డబ్బు ఖర్చు పెట్టలేం కదా, ఖర్చులు వాటంతటవే సర్దుకుంటాయి. మీకు అప్పిచ్చినవాళ్లు నెలనెలా చిన్న మొత్తాలు తీసుకోకపోతే వేరే ఖాతాలో జమ చేసి మూడు నెలలకోసారి కట్టండి. మూడు వేలను మూడు నెలలకోసారి కడితే ఆ మూడు నెలల్లో పోయే వడ్డీ 65 లోపే. దాని గురించి టెన్షన్ పడొద్దు.

ఇక ఖర్చుల సంగతి. ఇక్కడ చాలామంది రోజూ చేసే చిన్న సరదాల మీద పడతారు. నా అనుభవంలో అది తప్పు దారి. రోజూ మనసు చంపుకోవాల్సిన పొదుపు ఆరు నెలలు కూడా నిలవదు. ఒకసారి నిర్ణయం తీసుకుంటే మళ్లీ గుర్తు చేసుకోనక్కర్లేని ఖర్చులు ఉంటాయి, మొదట వాటిని పట్టుకోండి. చూడని సబ్‌స్క్రిప్షన్లు, వాడని జిమ్ సభ్యత్వం, అవసరానికి మించిన ఫోన్, ఇంటర్నెట్ ప్లాన్లు, ఏటా కళ్లు మూసుకుని రెన్యువల్ చేసే వాహన బీమా. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుంటే చాలు. ప్రతి వరుస పక్కనా "ఇది ఆగిపోతే మనకు తెలుస్తుందా?" అని అడగండి. మాకు ఆ ఒక్క రోజులోనే మీరు అనుకుంటున్న మొత్తంలో సగానికి పైగా దొరికింది. ఒక యాప్‌కు రెండేళ్లుగా డబ్బు కడుతున్నామని కూడా ఆ రోజే తెలిసింది. అది ఏ ఫోన్‌లో ఉందో ఇద్దరికీ గుర్తులేదు.

తర్వాత చూడాల్సింది ఎప్పుడో ఒకసారి కొనే ఖరీదైన వస్తువులు. ఫోన్ రెండేళ్లకోసారి మార్చే ఇంట్లో నాలుగేళ్లకోసారి మారిస్తే ఆ ఖర్చు నెలకు సగమైపోతుంది. ఒక్క రోజు కూడా కడుపు మాడ్చుకోనక్కర్లేదు. కారైనా అంతే. రెండు బండ్లు ఉండి ఒకటి వారంలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంటే దాని బీమా, సర్వీసింగ్, ఏటా తగ్గిపోయే విలువ అన్నీ కలిపి ఒక కాగితం మీద రాయండి. మేము రాశాక నెలలోపే రెండో బండి అమ్మేశాం. అది నా మాట విని కాదు, ఆ కాగితం చూసి మావారే అన్నారు.

సరుకుల విషయంలో నేను నేర్చుకున్నది ఒక్కటే: ఎన్నిసార్లు కొంటున్నామన్నది ముఖ్యం. రోజుకోసారి ఏదో ఒకటి ఆర్డర్ పెట్టే ఇంట్లో జాబితాలో లేనివి రోజుకో రెండు వస్తాయి. వారానికి ఒకసారి, జాబితా రాసుకుని తెచ్చుకోండి. ఫ్రిజ్‌లోంచి పారేసేది తగ్గుతుంది, అదే పెద్ద పొదుపు. ఆన్‌లైన్లో ఏది నచ్చినా కార్ట్‌లో పెట్టి మూడు రోజులు వదిలేయండి. మూడో రోజు కూడా కావాలనిపిస్తే కొనండి. చాలావాటి సంగతి మీరే మర్చిపోతారు.

ఏడాదికోసారి వచ్చే ఖర్చులు చాలామంది బడ్జెట్‌లో కనిపించవు. బీమా ప్రీమియంలు, ఫీజులు, ఇంటి పన్ను, మరమ్మతులు, పెళ్లిళ్లు. వీటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపండి. లేకపోతే ఆ నెల రాగానే అప్పుకు కట్టాల్సిన డబ్బు మీద చెయ్యి పడుతుంది.

ఇద్దరికీ లెక్క చెప్పనక్కర్లేని చేతిఖర్చు కొంత ఉండాలి. చిన్న మొత్తమైనా సరే, దేనికి వాడారని ఒకరినొకరు అడగకూడదు. మొదటి ఏడాది నేను అడిగాను, ఆ టీవీ కొనడానికి అదీ ఒక కారణమేమో అని ఇప్పుడనిపిస్తుంది.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. ఆరోగ్య బీమా, మీ ఇద్దరి పేరు మీదా అప్పుకు సరిపడా టర్మ్ బీమా (గడువులోపు మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చేది), ఇంటి కప్పు కారుతుంటే దాని మరమ్మతు. కప్పు కారడం చిన్న ఖర్చే, రెండు వానాకాలాలు వదిలేస్తే పెద్దదవుతుంది. రిటైర్మెంట్ నిధికి మీరు వేసినంత మీ ఉద్యోగ సంస్థ కూడా వేస్తుంటే ఆ వాటా తగ్గించి అప్పుకు కట్టొద్దు. చేతికొచ్చే డబ్బును వద్దన్నట్టే అవుతుంది.

ఇప్పుడు రెండో తప్పు. నాలుగో ఏడు ఒక పాత స్థలం అమ్మగా వచ్చినదంతా తీసుకెళ్లి అప్పులో కట్టేశాను. ఖాతాలో నెల జీతం మాత్రం ఉంది. వాయిదాలు ఎన్ని తగ్గాయో చూసుకుని మురిసిపోయాను. అయిదు నెలలకు మామగారికి ఆపరేషన్ అయింది, అదే సమయంలో మావారి కంపెనీలో రెండు నెలలు జీతాలు ఆగాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా. ఇంటి అప్పులో కట్టిన డబ్బు ఇంటి గోడలోకి వెళ్లిపోయినట్టే, అడిగిన వెంటనే తిరిగి రాదు. చివరికి ఇంటి అప్పు వడ్డీకి దాదాపు రెట్టింపు వడ్డీకి వ్యక్తిగత అప్పు తీసుకున్నాం. అది తీర్చడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఇంటి అప్పుకు అదనంగా ఒక్క పైసా కట్టలేదు.

అందుకని ముందుగా ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకోండి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే చోట. అంతవరకు మీ మూడు వేలు అటే వెళ్లనివ్వండి, 12 ఏళ్ల లెక్క ఆ మేరకు వెనక్కి జరిగినా సరే. ఒకేసారి కూడకపోతే మూడు నెలలకు సరిపడా కూడాక సగం ఇటు, సగం అటు చేయండి. క్రెడిట్ కార్డు బాకీ ఏమైనా ఉంటే అన్నిటికంటే ముందు అది తీర్చాలి. నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు బాకీ కట్టకుండా వదిలేస్తే ఏడాదికి దాదాపు 43 శాతం అవుతుంది. అది పక్కన ఉండగా 8.5 శాతం అప్పుకు ముందుగా కట్టడం అర్థం లేని పని.

అప్పు ఇచ్చినవాళ్లతో జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది, మీ ఒప్పందంలో ముందస్తు చెల్లింపు మీద రుసుము ఉందేమో చదవండి. స్థిర వడ్డీ అప్పులకు ఉండే అవకాశం ఎక్కువ. ఏడాదికి ఎన్నిసార్లు, కనీసం ఎంత కట్టవచ్చో కూడా అందులోనే ఉంటుంది. రెండోది, కట్టిన ప్రతిసారీ "ఈ మొత్తం అసలులో జమ చేయండి, వాయిదా మార్చొద్దు, గడువు తగ్గించండి" అని రాతపూర్వకంగా చెప్పండి. మీరు చెప్పకపోతే కొందరు వాయిదా తగ్గించి గడువు అలాగే ఉంచుతారు. ఆ తగ్గిన వాయిదా కళ్లకు ఇంపుగా ఉంటుంది, దాంతో ఇల్లూ మళ్లీ ఖర్చులకు అలవాటు పడుతుంది. మాకు ఒకసారి ఇంకా చిత్రంగా జరిగింది. మేము అదనంగా కట్టింది అసలులో వేయకుండా, రాబోయే నెలల వాయిదాకు అడ్వాన్సుగా పెట్టుకున్నారు. నాలుగు నెలల తర్వాత స్టేట్‌మెంటు చూస్తే గానీ తెలియలేదు. రెండుసార్లు ఉత్తరం రాశాక సరిచేశారు. అప్పటి నుంచి కట్టిన మరుసటి నెల మిగిలిన అసలు ఎంతో చూడకుండా నేను పడుకోలేదు.

మూడోది వడ్డీ రేటు. మీది మారే వడ్డీ అయితే రేటు పెరిగినప్పుడు ఎక్కువసార్లు వాయిదా పెంచరు, గడువు సాగదీస్తారు. మనకు ఏమీ మారనట్టే ఉంటుంది. మీ అప్పు మీద రేటు 8.5 నుంచి 9.5 అయి, వాయిదా అదే 26,035 ఉంటే, 20 ఏళ్ల అప్పు 25 ఏళ్లు దాటిపోతుంది. మీరు కష్టపడి కోసిన నాలుగేళ్లు ఒక్క శాతంతో తిరిగొచ్చేస్తాయి. రేటు మారిన ప్రతిసారీ మిగిలిన గడువు ఎంతో అడగండి, పెరిగితే వాయిదా పెంచమనండి. కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు అదే చోట మీకంటే తక్కువ వడ్డీకి ఇస్తుంటే రేటు తగ్గించమని కూడా అడగండి. అడగనివాళ్లకు వాళ్లంతట వాళ్లు తగ్గించరు. ఖర్చుల్లో అయిదు నెలలు పిండినంత ఒక అర శాతం తగ్గింపులోనే రావచ్చు. ఇంత అప్పు మీద అర శాతం అంటే మొదటి ఏడాది దాదాపు 15 వేలు.

మీవారి పెట్టుబడి మాటకు వస్తే, ఆయన అన్నది తీసిపారేసేది కాదు. అప్పు ముందుగా తీర్చడమంటే 8.5 శాతం లాభం తప్పకుండా వచ్చే చోట డబ్బు పెట్టినట్టే. అంతకంటే ఎక్కువ, పన్ను పోగా కూడా, ఖాయంగా వచ్చే చోటు ఆయన చూపిస్తే అక్కడే పెట్టండి. ఖాయంగా కాకపోయినా రావచ్చు అనే చోట్లు చాలా ఉన్నాయి, దీర్ఘకాలంలో వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంటి అప్పు వడ్డీ మీద మీకు పన్ను మినహాయింపు వస్తుంటే నిజంగా పడే వడ్డీ 8.5 కంటే తక్కువే, అదీ లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ నా పక్షపాతం దాచను. ఆ మూడు వేలు పెట్టుబడిలోకి పన్నెండేళ్లు ఒక్క నెల కూడా ఆగకుండా వెళ్లే ఇళ్లు నేను తక్కువ చూశాను. మార్కెట్ పడిన నెలలో ఆపేస్తారు, పెరిగిన నెలలో తీసి వాడేస్తారు. అప్పులో వేసిన డబ్బుకు ఆ సుఖం లేదు, తీయడం కుదరదు. ఇద్దరికీ ఒప్పందం కుదరకపోతే మొదటి అయిదేళ్లు అప్పుకు, ఏటా పెంచే భాగం ఆయన చెప్పిన చోట అని పంచుకోండి. అలా అయితే 12 ఏళ్లు కుదరదు, గడువు పదిహేనున్నర ఏళ్లు దాటుతుంది. ఇంట్లో మాటలు ఉంటాయి.

మీ ఒప్పందం తీసి రెండు విషయాలు చూసి ఇక్కడ రాయండి: వడ్డీ స్థిరమా, మారేదా, ముందస్తు చెల్లింపుకు రుసుము ఉందా. అవి తెలిస్తే నెలనెలా కట్టడం మేలో, మూడు నెలలకోసారి మేలో లెక్క వేసి చెబుతాను.